బర్మా భోజనం, ఏషియన్ ఫ్యూజన్: ఒక మెనూ కార్డును ఎలా చదవాలి?

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లిన తల్లిదండ్రులు, ఆఫీసు పని మీద సింగపూర్ వెళ్లినవాళ్లు ఏదో ఒక సాయంత్రం ‘బర్మీస్ అండ్ ఏషియన్ ఫ్యూజన్’ అని బోర్డు ఉన్న హోటల్లో కూర్చుంటారు. మెనూ కార్డు తెరవగానే అయోమయం మొదలవుతుంది. మొదటి పేజీలో టీ ఆకుల సలాడ్, సమోసా సూప్, సెనగపిండితో చేసిన టోఫు ఉంటాయి. పక్క పేజీలో థాయ్‌లాండ్ వాళ్ల పాడ్ థాయ్, చైనా వాళ్ల కుంగ్ పావో చికెన్. ఇంకో మూల పరోటా, కోడికూర. చివర్లో గసగసాలు చల్లిన రవ్వ కేకు. ఇందులో ఏది బర్మాది? ఏది గిరాకీ కోసం చేర్చింది? చాలామంది ఈ చిక్కు విప్పుకోలేక తెలిసిన ఫ్రైడ్ రైస్ చెప్పేసి ఊపిరి పీల్చుకుంటారు. అంత దూరం వెళ్లి, మన వంటింటికి ఇంత దగ్గరగా ఉన్న తిండిని రుచి చూడకుండా లేచి వచ్చేయడం నాకు బాధగా అనిపిస్తుంది.

చిక్కు ఎక్కడుందంటే, ఆ కార్డులో రెండు రకాల కలగలుపులు ఒకే వరసలో అచ్చయి ఉంటాయి. మొదటిది, బర్మా (ఇప్పటి మయన్మార్) వంట దేశం దాటకముందే, రంగూన్ (ఇప్పటి యాంగోన్) రేవులోనే, భారతీయుల తిండితోనూ చైనా వాళ్ల తిండితోనూ కలిసిపోయింది. ఆ కలయికకు నూరేళ్లు పైబడ్డాయి. రెండోది బర్మా కుటుంబాలు పరాయి దేశానికి చేరాక, అక్కడి జనం ఏం కొంటారో చూసుకుని చేర్చినది. సమోసా సూప్ మొదటి రకం, పాడ్ థాయ్ రెండో రకం. ఈ రెండింటినీ విడదీయడం తెలిస్తే కార్డు దానంతటదే అర్థమవుతుంది. విడదీయాలంటే బర్మా నుంచి ఎవరు, ఎప్పుడు, ఎందుకు బయటికి వచ్చారో కొంచెం తెలియాలి.

రంగూన్‌లో ఏం జరిగింది

బ్రిటిష్ వాళ్లు 1824 నుంచి 1885 వరకు మూడు యుద్ధాలు చేసి బర్మాను ముక్కలు ముక్కలుగా ఆక్రమించారు. 1937 ఏప్రిల్ 1న విడదీసే దాకా అది బ్రిటిష్ ఇండియాలో ఒక భాగం. 1869లో సూయజ్ కాలువ తెరుచుకున్నాక ఐరోపాకు బియ్యం పంపడం తేలికైంది. ఐరావతి డెల్టాలో అడవులు కొట్టి వరి వేశారు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ప్రపంచంలో బియ్యం ఎగుమతిలో బర్మాదే మొదటి స్థానం. ఆ వరి కోయడానికి, మిల్లుల్లో బస్తాలు మోయడానికి, రేవులో ఓడలకు ఎత్తడానికి మనుషులు కావాలి. వాళ్లలో పెద్ద భాగం మన తీరం నుంచే వెళ్లారు. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం, బారువ రేవుల్లో స్టీమరెక్కి బంగాళాఖాతం దాటారు. ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల్లో ముసలివాళ్లు రంగూన్‌ని ‘రంగం’ అనేవారు. ‘మా తాత రంగం వెళ్లొచ్చాడు’ అన్న మాట ఇప్పటికీ కొన్ని ఇళ్లలో వినిపిస్తుంది. కాకినాడ పక్కన ఉన్న కోరంగి రేవు పేరు మీదుగా తెలుగు కూలీలందరినీ అక్కడ కోరంగీలు అని పిలిచారు.

1931 నాటికి రంగూన్ జనాభాలో సగానికి పైగా భారతీయులే. అప్పు ఇచ్చే చెట్టియార్లు, దుకాణాలు నడిపే గుజరాతీలు, గుమాస్తాలుగా బెంగాలీలు, రేవులోనూ రిక్షాల దగ్గరా తెలుగువాళ్లు. ఇంకోవైపు యునాన్ నుంచి కొండదారుల్లో గుర్రాల మీద వచ్చిన చైనా వర్తకులు, సముద్రం మీదుగా వచ్చి రంగూన్‌లో చైనావాళ్ల పేట అయిన లథా వీధుల్లో స్థిరపడిన ఫుజియాన్, గ్వాంగ్‌డాంగ్ వాళ్లు. ఇంతమంది ఒకే ఊళ్లో కూలికెళ్లి, ఒకే వీధిలో తిని, ఒకే టీ కొట్టులో కూర్చుంటే తిండి విడివిడిగా ఎలా ఉంటుంది? సమోసా అక్కడ సమూసా అయి, పప్పుచారులో విరిచి వేసుకునే వంటకంగా మారింది. పరోటా పలాటా అయింది. పొద్దున్నే ఉడికించిన బఠాణీలతోనో చక్కెర చల్లుకునో తింటారు. మన దోసె తొషే పేరుతో యాంగోన్ వీధుల్లో ఇప్పటికీ అమ్ముడుపోతుంది. బిర్యానీ డాన్‌బౌక్‌గా పెళ్లిళ్లలోకి, దానధర్మాల భోజనాల్లోకి చేరింది. చైనా నుంచి సోయా సాస్, గుడ్డు నూడుల్స్, పొద్దున టీలో ముంచుకునే పొడవాటి నూనె రొట్టె వచ్చాయి.

ఇందులో ఏది తమిళుల నుంచి, ఏది తెలుగువాళ్ల నుంచి వచ్చిందో ఇప్పుడు గీత గీసి విడదీయలేం. కానీ ఆ వంటకాలు పుట్టిన వీధుల్లో మన ముత్తాతలు చెమటోడ్చారన్నది మాత్రం నిజం. వాళ్లకు దక్కిన బతుకు తియ్యనిది కాదు. మేస్త్రీల దగ్గర అప్పులు చేసి ఓడ ఎక్కి, ఆ అప్పు తీర్చడానికే ఏళ్ల తరబడి బస్తాలు మోశారు. 1930 మే నెలలో తెలుగు రేవు కూలీలు జీతాల కోసం సమ్మె చేస్తే, కంపెనీలు వాళ్ల స్థానంలో బర్మా వాళ్లను పెట్టుకున్నాయి. సమ్మె తీరి పాతవాళ్లు తిరిగి పనిలోకి రావడంతో రెండు వర్గాల మధ్య గొడవ రేగి రంగూన్ అంతా అల్లర్లయ్యాయి. ఆకలిమంట ఇద్దరిదీ, లాభం మూడోవాడిది. సమోసా సూప్ వెనుక ఈ చరిత్ర కూడా ఉంది.

ఎవరు, ఎప్పుడు బయటికి వచ్చారు

1941 డిసెంబరులో జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. కొన్ని నెలల్లో లక్షలాది భారతీయులు దేశం వదిలారు. ఓడలు దొరకనివాళ్లు అరకాన్, మణిపూర్, అస్సాం కొండల మీదుగా కాలినడకన బయల్దేరారు. వేల మంది దారిలోనే పోయారు. యుద్ధం తర్వాత కొందరు తిరిగి వెళ్లినా, 1962 మార్చి 2న జనరల్ నే విన్ అధికారం చేజిక్కించుకున్నాక, 1963-64లో దుకాణాలు, మిల్లులు, బ్యాంకులు జాతీయం చేశాక మరో విడత మొదలైంది. ఈసారి వచ్చినవాళ్లు చేతి సంచులతో దిగారు. విశాఖలో కంచరపాలెం దగ్గర బర్మా క్యాంప్ ఉంది, తమిళనాడులో ఎన్నో ఊళ్లలో బర్మా కాలనీలు ఉన్నాయి. చెన్నై బీచ్ స్టేషన్ ఎదురుగా బర్మా బజార్ పక్కన తోపుడు బండ్ల మీద అమ్మే అథో నూడుల్స్ వీళ్ల చలవే. క్యాబేజీ, ఉల్లి, వేయించిన వెల్లుల్లి, చింతపండు పులుసు, కారం వేసి చేత్తో కలిపి ఇస్తారు. పక్కన అరటి దూట వేసిన వేడి సూప్ ఉచితం. అమెరికా వెళ్లాల్సిన పని లేకుండా బర్మా రుచి తెలుసుకోవాలంటే ఆ బండ్ల దగ్గరికి వెళ్లండి.

చైనా మూలాలున్న బర్మా కుటుంబాల కథ కాస్త వేరు. జాతీయకరణంలో వాళ్లూ దుకాణాలు పోగొట్టుకున్నారు. 1967 జూన్‌లో రంగూన్‌లో చైనీయుల మీద అల్లర్లు జరిగాయి. అప్పటికి అమెరికా 1965లో వలస చట్టం మార్చి ఆసియావాళ్లకు తలుపులు తెరిచింది. వీళ్లలో చాలామంది శాన్‌ఫ్రాన్సిస్కో, లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల స్థిరపడ్డారు. అక్కడివాళ్లకు బర్మా ఎక్కడుందో తెలియదు, చైనా తిండి మాత్రం తెలుసు. కాబట్టి తెలిసిన చైనా వంటలు ముందు పెట్టి, బర్మా వంటలు నాలుగైదు వెనక పేజీలో చేర్చి హోటళ్లు తెరిచారు. కాలిఫోర్నియాలో ‘బర్మీస్ అండ్ ఏషియన్’ కార్డుకు అసలు పునాది ఇది. చైనా పేజీ అద్దె కట్టింది, బర్మా పేజీ ఇల్లు గుర్తుచేసింది. కొన్నేళ్లకు జనం వెనక పేజీ కోసమే రావడం మొదలుపెట్టారు. శాన్‌ఫ్రాన్సిస్కో క్లెమెంట్ స్ట్రీట్‌లో 1992లో మొదలైన బర్మా సూపర్‌స్టార్ ముందు ఇప్పుడు కనిపించే వరసలు టీ ఆకుల సలాడ్ కోసమే. దాని చుట్టూ బే ఏరియాలో పదుల కొద్దీ బర్మా హోటళ్లు వచ్చాయి. ఫ్రీమాంట్, సన్నీవేల్ తెలుగు కుటుంబాల్లో ఆ సలాడ్ పేరు తెలియని పిల్లలు తక్కువ.

అదే అమెరికాలో ఇండియానా రాష్ట్రానికి వెళ్లండి, బొమ్మ మారిపోతుంది. 1988 ఉద్యమాన్ని సైన్యం తొక్కేశాక పారిపోయినవాళ్లు, థాయ్‌లాండ్, మలేసియా నుంచి శరణార్థులుగా వచ్చిన కరెన్, చిన్ ప్రజలు ఫోర్ట్ వేన్, ఇండియానాపొలిస్ నగరాల్లో స్థిరపడ్డారు. అక్కడి చిన్న హోటళ్లకు గిరాకీ వాళ్ల మనుషులే. తెల్లవాళ్లను మెప్పించాల్సిన అవసరం అంతగా లేదు. అక్కడ చిన్ కొండల మొక్కజొన్న గింజల సూప్ దొరుకుతుంది, కాలిఫోర్నియాలో దాని పేరు పెద్దగా వినపడదు. సింగపూర్‌లో సిటీ హాల్ స్టేషన్ దగ్గరి పెనిన్సులా ప్లాజా కూడా అంతే. మయన్మార్ నుంచి వచ్చి పనిచేసుకునే వాళ్లు ఆదివారం కలుసుకునే చోటు అది. అక్కడ రుచి ఏ మాత్రం మెత్తబడదు, కారానికి కారం, నీచుకు నీచు.

కాబట్టి కార్డు చూసే ముందు పక్క టేబుళ్లు చూడండి. బర్మా భాష వినిపిస్తోందంటే వంటలు ఇంటి పద్ధతిలో ఉంటాయి. వినిపించకపోతే తప్పేమీ లేదు గానీ, మీరు ఎంచుకోవడంలో కాస్త జాగ్రత్త పడాలి.

టీ ఆకులు తినడం

బర్మా వంటలో నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించేది ఇదే. అందుకే కాస్త ఎక్కువ చెబుతాను. టీ ఆకును తాగే దేశాలు చాలా ఉన్నాయి. తినే అలవాటు ఇంత గట్టిగా ఉన్నది మాత్రం బర్మాలోనే. షాన్ రాష్ట్రపు కొండల్లో, ముఖ్యంగా పలౌంగ్ ప్రజలు ఉండే నమ్‌సాన్ ప్రాంతంలో, అస్సాం రకానికి చెందిన టీ మొక్కల లేత ఆకులు కోస్తారు. వాటిని ఆవిరి మీద ఉడికించి, చేత్తో నలిపి, గాలి చొరబడకుండా గుంతల్లోనో బుట్టల్లోనో కుక్కి పైన బరువు పెడతారు. నెలల తరబడి ఊరాక ఆకు ముదురు ఆకుపచ్చగా, మెత్తగా, కొంచెం పులుపు కొంచెం వగరుతో తయారవుతుంది. దీన్నే లపెట్ అంటారు. నూనె, వెల్లుల్లి, పచ్చిమిర్చి, నిమ్మరసం కలిపి పెట్టుకుంటారు.

సలాడ్‌గా వచ్చేటప్పుడు పళ్లెంలో ఆ ఆకు మధ్యలో, చుట్టూ వేయించిన వెల్లుల్లి రేకలు, వేరుశనగ, వేయించిన పప్పులు, నువ్వులు, ఎండు రొయ్యల పొడి, టమాటా, క్యాబేజీ ఉంటాయి. అందరి ముందూ నిమ్మకాయ పిండి కలుపుతారు. కాలిఫోర్నియా హోటళ్లలో క్యాబేజీ స్థానంలో రొమైన్ లెట్యూస్ పెద్ద గుప్పెడు పడుతుంది. అమెరికన్లకు సలాడ్ అంటే పచ్చి ఆకులు కావాలి కదా. ఈ మార్పు వల్ల పళ్లెం నిండుతుంది, ఘాటు తగ్గుతుంది. నాకు క్యాబేజీ వేసినదే నచ్చుతుంది. లెట్యూస్ నీరు వదిలి రెండు నిమిషాల్లో కరకరలను చంపేస్తుంది. ‘కొద్దిగా లెట్యూస్, ఎక్కువ క్యాబేజీ’ అని అడిగితే చాలాచోట్ల వేస్తారు. రాగానే తినాలి, ఫోటోల కోసం ఆగకూడదు.

ఇంకో సంగతి. ఆకు తింటున్నాం కాబట్టి అందులోని కెఫీన్ కూడా కడుపులోకి వెళ్తుంది. బర్మాలో పరీక్షలకు చదివే పిల్లలు నిద్ర ఆపుకోవడానికి లపెట్ నములుతారు. కాఫీ తాగితే నిద్ర పట్టనివాళ్లు దీన్ని మధ్యాహ్నం భోజనంలో తినడం మంచిది. ఇంటికి ప్యాకెట్ కొనేవాళ్లు తయారీదారు వివరాలు చూసి నమ్మకమైన దుకాణంలోనే కొనండి. 2009లో మయన్మార్‌లో కొన్ని బ్రాండ్ల లపెట్‌లో ఆరమైన్ ఓ అనే నిషేధిత రంగు బయటపడి పెద్ద గొడవే అయింది.

నూడుల్స్ పేజీలో మెలిక

సలాడ్లు అయ్యాక నూడుల్స్. ఇక్కడే అసలు తికమక. మొహింగా అనేది బర్మా వాళ్ల పొద్దుటి పలహారం, ఊరూరా దొరికే తిండి. జెల్ల జాతి మీసాల చేపను పసుపు, నిమ్మగడ్డి, అల్లంతో ఉడికించి, ముళ్లు తీసి, అరటి దూట ముక్కలు వేసి, వేయించిన బియ్యప్పిండితోనో సెనగపిండితోనో చిక్కబరుస్తారు. దాన్ని సన్నటి బియ్యం నూడుల్స్ మీద పోసి, ఉడికిన గుడ్డు, కొత్తిమీర, సొరకాయ బజ్జీ విరిచి వేస్తారు. గోదావరి జిల్లాల్లో చేపల పులుసు తిని పెరిగినవాళ్లు మొదటి చెంచాకే దీన్ని తమదనుకుంటారు. విదేశీ హోటళ్లలో ఇది బజ్జీ లేకుండా వస్తుంటుంది. అడిగి వేయించుకోండి, బజ్జీ లేని మొహింగాకు సగం ప్రాణం పోతుంది.

ఒన్ నో ఖావ్ స్వే కొబ్బరిపాల చికెన్ నూడుల్స్. సెనగపిండి వేసి చిక్కబరుస్తారు, నిమ్మరసం పిండుకుని ఎండు కారం చల్లుకుంటారు. బర్మా నుంచి తిరిగొచ్చిన కుటుంబాలతో ఇది మన దేశానికి వచ్చి ‘ఖావ్ సూయీ’గా హైదరాబాద్, ముంబై హోటళ్ల దాకా చేరింది. ఇక్కడ దాని చుట్టూ పదిరకాల గిన్నెలు పెట్టి పండగ చేస్తారు. అసలుది అంత ఆర్భాటం లేని ఒకే గిన్నె వంటకం. ఉత్తర థాయ్‌లాండ్‌లోని ఖావ్ సోయ్ దీనికి దగ్గర చుట్టం. కొబ్బరిపాలు అనగానే బర్మా కూరలన్నీ అలాగే ఉంటాయనుకోకండి. థాయ్ కూరల్లో ఉన్నంత కొబ్బరి బర్మా రోజువారీ కూరల్లో ఉండదు. కార్డులో ప్రతి కూరలోనూ కొబ్బరిపాలు కనిపిస్తున్నాయంటే అది థాయ్ రుచికి అలవాటుపడ్డ గిరాకీ కోసం చేసిన మార్పు అనుకోవచ్చు.

ఇక గార్లిక్ నూడుల్స్. ఒకే పేరుతో రెండు వేరే వంటకాలు ఉన్నాయి. శాన్‌ఫ్రాన్సిస్కోలో వెన్న వేసి చేసే గార్లిక్ నూడుల్స్ ఒక వియత్నామీ కుటుంబం 1970ల్లో ప్రచారంలోకి తెచ్చినది, ఊరంతా పాకింది. బర్మాలో మాత్రం అక్కడి చైనా మూలాలవాళ్ల నూడుల్స్ ఉన్నాయి. గుడ్డు నూడుల్స్‌ని వెల్లుల్లి వేయించిన నూనెలో కలిపి, పైన బాతు మాంసమో పంది మాంసమో పెట్టి, పక్కన సూప్ ఇస్తారు. చూడ్డానికి కాలిఫోర్నియా వంటకంలా ఉన్నది నిజంగా బర్మాది కావచ్చు, బర్మా పేరుతో ఉన్నది కాలిఫోర్నియాది కావచ్చు. ‘వెన్నా, వెల్లుల్లి నూనా?’ అని ఒక్క ప్రశ్న అడిగితే తేలిపోతుంది.

కూర, పుల్లాకు, పప్పు

బర్మా ఇంటి భోజనం మన భోజనమే. మధ్యలో అన్నం, చుట్టూ ఒకటో రెండో కూరలు, పుల్లటి పలచని చారు, ఉడికించిన, పచ్చి కూరగాయలు, వాటికి నంజుడు. చేత్తోనే తినేవారు. కూరను హిన్ అంటారు. ఉల్లి, వెల్లుల్లి, అల్లం నూరి పసుపు, కారంతో నూనెలో సన్న సెగ మీద నీరంతా ఇంకేదాకా వేయించి, మాంసం వేసి ఉడికించి, చివరికి నూనె పైకి తేలేదాకా ఉంచుతారు. మన ఇళ్లలో ‘నూనె తేలితే కూర అయినట్టు’ అని చెప్పే గుర్తే అక్కడా. గరంమసాలా మాత్రం తక్కువ, మాంసం రుచి తిన్నగా తెలుస్తుంది. విదేశాల్లో తినేవాళ్లు పైన తేలిన నూనె చూసి జిడ్డు అని ఫిర్యాదు చేస్తారని చాలా హోటళ్లు ఆ నూనె తీసేస్తాయి. కూర చప్పబడుతుంది. నూనెతోనే తెమ్మని చెప్పండి, కావాలంటే పక్కకు వంపుకోవచ్చు.

తెలుగువాళ్లు తప్పక వెతకాల్సినది ‘సోర్ లీఫ్’ అని రాసి ఉండే వంటకం. బర్మా పేరు చిన్ బౌంగ్. అది మన గోంగూర. వెదురు కొమ్ములు, ఎండు రొయ్యలు, పచ్చిమిర్చి వేసి వేయిస్తారు. కోడితోనో రొయ్యలతోనో కూడా చేస్తారు. కార్డులో ఏ మూలో చిన్న అక్షరాల్లో ఉంటుంది, మిగతావాళ్లు దాటేస్తారు. అన్నంలో కలుపుకుని తింటుంటే పరాయి దేశంలో ఉన్నామన్న స్పృహ పోతుంది. గోంగూరను ఇంత ఇష్టంగా తినే జాతి మనం కాక ఇంకొకటి ఉందన్నది నాకు ఎంతో సంతోషం కలిగించే విషయం.

పప్పుల్లోనూ ఈ దగ్గరితనం ఉంది. మయన్మార్ నడిబొడ్డున మండలే, మాగ్వే, సగైంగ్ ప్రాంతాలు వానలు తక్కువ పడే మెట్ట భూములు. నువ్వులు, వేరుశనగ, సెనగలు, మినుములు, కందులు అక్కడి పంటలు. అందుకే వాళ్ల వంటలో సెనగపిండి అంతగా కనిపిస్తుంది. మన దేశం దిగుమతి చేసుకునే మినుముల్లో ఎక్కువ భాగం అక్కడివే. 2021లో రెండు దేశాలూ ఏడాదికి 2.5 లక్షల టన్నుల మినుములు, లక్ష టన్నుల కందుల చొప్పున ఐదేళ్లకు ఒప్పందం చేసుకున్నాయి. హైదరాబాద్‌లో పొద్దున తినే ఇడ్లీలో బర్మా మినప్పప్పు ఉండే అవకాశం బాగానే ఉంది.

శాకాహారులు ఏం చేయాలి

కార్డు మీద ఆకు గుర్తు ఉంటే చాలదు. బర్మా వంటలో చేప సాస్, ఎండు రొయ్యల పొడి ఉప్పులాగా పడతాయి. వడ్డించేవాళ్లు ‘వెజిటేరియన్’ అంటే మాంసం ముక్కలు లేవని అర్థం చేసుకుంటారు. కాబట్టి మూడు విడి విడి ప్రశ్నలు అడగాలి: చేప సాస్ ఉందా, ఎండు రొయ్యలు ఉన్నాయా, సూప్‌కి వాడిన నీళ్లు కోడి ఉడికించినవా, కూరగాయలు ఉడికించినవా. టీ ఆకుల సలాడ్‌ను రొయ్యలు, చేప సాస్ లేకుండా ఇవ్వగలరు, ముందే కలిపి పెట్టిన ఆకులో ఉందేమో కూడా అడగండి. సమోసా సూప్ చాలాచోట్ల శాకాహారమే, అయినా అడగాలి. మొహింగా జోలికి వెళ్లకండి. షాన్ టోఫు నిశ్చింతగా తినదగ్గది. అందులో సోయా ఉండదు. సెనగపిండిని నీళ్లలో కలిపి పసుపు వేసి ఉడికించి గడ్డకట్టిస్తారు. వేయించి చింతపండు పచ్చడితో ఇస్తారు. కొబ్బరి అన్నం, బఠాణీలతో పలాటా, శనగపప్పు వడ లాంటి బయా జో కూడా శాకాహారులకు సరిపోతాయి. వేరుశనగ పడనివాళ్లు మాత్రం వడ్డించే మనిషికి ముందే గట్టిగా చెప్పాలి. కనిపించకపోయినా పొడి రూపంలో చాలావాటిలో ఉంటుంది.

ఫ్యూజన్ పేజీని ఏం చేయాలి

పాడ్ థాయ్, కుంగ్ పావో ఉన్న పేజీని చిన్నచూపు చూడాల్సిన పని లేదు. ఆ పేజీ లేకపోతే చాలా హోటళ్లు బతికేవి కావు. వెంట వచ్చిన పిల్లలకు, కొత్త రుచులంటే భయపడే పెద్దలకు అందులోంచి ఒకటి తెప్పించండి. కానీ వంటవాళ్ల చేయి తిరిగినది బర్మా పేజీలోనే. డబ్బు అక్కడ ఖర్చు పెట్టండి.

విదేశీ కార్డుల్లో నిజంగా నష్టపోయినది ఒకటుంది: ఙపి. చేపల్నో రొయ్యల్నో ఉప్పుతో ఊరబెట్టి చేసే ముద్ద. దాని వాసనకు బయటివాళ్లు ముక్కు మూసుకుంటారని హోటళ్లు దాన్ని వంటగది లోపలే ఉంచేస్తాయి. బర్మా ఇంట్లో అది లేని భోజనం ఉండదు. మాంసాహారులైతే కూరగాయలతో ఙపి నంజుడు ఉందా అని అడగండి. అడిగినందుకు వడ్డించే మనిషి ముఖం వెలిగిపోవచ్చు, కార్డులో లేనివి కూడా రావచ్చు. ఎండు రొయ్యల వాసన తెలిసిన కోస్తా మనిషికి ఇది కష్టమేమీ కాదు.

నలుగురు కూర్చుంటే ఒక టీ ఆకుల సలాడ్, ఒక సమోసా సూప్, గోంగూర వంటకం ఒకటి, ఒక కూర, కొబ్బరి అన్నం చాలు. పళ్లేలు మధ్యలో పెట్టుకుని పంచుకునే భోజనం ఇది, మనిషికొకటి చెప్పుకునేది కాదు. సలాడ్, సూప్ ముందు తెచ్చి కూరలు తర్వాత తెచ్చే అమెరికా పద్ధతి కాకుండా అన్నీ ఒకేసారి తెమ్మనండి. కూర కారం అయితే సూప్ తాగడం, మధ్యలో సలాడ్ నమలడం ఇందులో భాగం. తీపి తినగలిగితే రవ్వ, కొబ్బరిపాలతో చేసి గసగసాలు చల్లిన సన్విన్ మకిన్ తెప్పించండి.

బిల్లు దగ్గర కంగారు పడకుండా ఉండాలంటే ముందే లెక్క వేసుకోండి. శాన్‌ఫ్రాన్సిస్కోలో కార్డు ధర మీద అమ్మకపు పన్ను 8.6 శాతం పైన పడుతుంది. ఉద్యోగుల ఆరోగ్య ఖర్చు పేరుతో చాలా హోటళ్లు ఇంకో నాలుగైదు శాతం చేరుస్తాయి. టిప్ 18 నుంచి 20 శాతం ఇవ్వడం అక్కడ మామూలు. అన్నీ కలిపితే కార్డులో చూసిన ధరకు దాదాపు మూడో వంతు ఎక్కువవుతుంది. మిగిలినది కట్టించుకోవడానికి మొహమాటపడొద్దు. నూడుల్స్, సూప్ విడివిడి డబ్బాల్లో పెట్టమని చెప్పండి, కలిపితే తెల్లారేసరికి ముద్దవుతాయి. కూర మాత్రం మర్నాటికి ఇంకా బాగుంటుంది.